నాడె ఎటుదిక్కున్నది

కైలాసం వ్యాన్ ముందటి సీటు ఎత్తి ఇంజను దిక్కు చూసిండు. పొద్దున లేచినకాన్నుంచి ఇది నాలుగోసారి. ఎన్నిసార్లు చూసినా అంతే. ఇంజను మూత మీద, గాలి డబ్బ మీద, గేరుపెట్టె మీద, ఆఖరికి నీళ్ళ పైపు మీద కూడ పసుపు పూసి ఉన్నది, పసుపు నడుమ కుంకుమ బొట్టు. వాటి కింద ఎక్కడనో తను సుద్దతోని గీసిన రెండు గీతలుండాలె. ఒక్కటి కూడ కనవడలే.

"ఎవలు తుడిచిన్రే గిది?" అన్నడు.

అరుగు మీద నూలు కండెలు సర్దుతున్న కమలవ్వ తల ఎత్తలే. "నేనే. దసరాకు బండికి బొట్టు పెట్టద్దా? కిరసనాయిలు గుడ్డ పెట్టి రుద్దితె గని మురికి పోలే. సుద్ద మరకలుంటె అవి సుత తీసేసిన. ఎంత తెల్లగైందో చూడు."

"గా మరకలు నేను పెట్టినయే."

"పెట్టెటోనివి చెప్పి పెట్టాలె. పూజకు మరకలుంచుతరా ఎవలన్న?"

ముప్ఫై ఆరేండ్ల సంసారంల, ఇట్లాంటి చోట ఇంకో మాట అంటె అది యాడికి పోతదో ఆయనకు తెలుసు. సీటు కొస పట్టుకోని నిలవడ్డడు. మోకాళ్ళు గుంజుతున్నయి. ఎండ ఇంకా రేకుల మీదికి రానేలే, అప్పుడే అలసట నడుముల కూసున్నది.

దసరాకు వారం ముందు ఇంజను నుంచి నూనె కారుడు మొదలైంది. కాలిన నూనె వాసన లోపలికొస్తుంటె కోడలు మమతారాణి ముక్కుకు చున్నీ అడ్డం పెట్టుకునేది. కారేది డిస్ట్రిబ్యూటర్ మొదట్ల. దాని మెడకుండే రబ్బరు రింగు ఎండి పెంకు లెక్కయింది. కైలాసం దాన్ని ఊడగుంజిండు. గుంజే ముందు సుద్ద ముక్కతోని రెండు గీతలు పెట్టిండు. ఒకటి అది ఏ తీరుగ కూసున్నదో గుర్తుకు, ఇంకొకటి దాని లోపల తిరిగే రోటర్ మూతి ఎటు చూస్తున్నదో గుర్తుకు. ఇది ఆయన సాంచాల కాడ నేర్చిన పద్ధతి. కరెంటు మీద నడిచే మగ్గాలను ఆ దిక్కు సాంచాలంటరు. కైలాసం నలభై ఏండ్లు వాటిని విప్పి, బిగించి, నడిపిన మనిషి. సాంచెల ఏ ముక్క ఊడదీసినా సుద్ద పెట్టకుండ తియ్యడు. దసరాకు సాంచాలకు కూడ బొట్లు పెడ్తరు గని, సుద్ద గీతను ముట్టద్దని కార్ఖానల చిన్నపోరని కాన్నుంచి అందరికీ ఎరుకే. బండి సంగతే ఎవరికీ చెప్పలే. చెప్పాలన్న సోయి కూడ రాలే.

గీతలు పోతె పోయినయి, పూజకని బండిని రేకుల కింది నుంచి వాకిట్లకు నూకిన్రు. గేరుల ఉన్నదాన్ని అట్లనే నూకిన్రు. లోపల ఇంజను ఎంత తిరిగిందో, ఎక్కడ ఆగిందో దేవునికే తెల్వాలె.

డిస్ట్రిబ్యూటర్ పని చూస్తె పెద్దదేం కాదు. పంక్తిల వడ్డించెటోని పని. మూడు సిలిండర్లంటె మూడు విస్తర్లు. ఎవరి ముందట ఎప్పుడు పెట్టాలెనో ఆ గడియకు అక్కడుండాలె. మనిషి కూసోకముందు పెట్టినా, తిని లేచినంక పెట్టినా దండుగ. ఇక్కడ వడ్డించేది అన్నం కాదు, నిప్పు. అంతే తేడా.

కరీంనగర్ పోయి కొత్త రింగు తెచ్చింది మమత. రెండు బస్సులు మారి, నాలుగు దుకాణాలు తిరిగి తెచ్చింది. రేపు జమ్మికుంట అంగడి. ఇంట్ల నేసిన తువ్వాలలు, లుంగీలు, దుప్పట్లు మూటలు గట్టి వ్యాన్ల వేసుకోని, వారంల నాలుగు ఊర్ల అంగళ్ళు తిరుగుతరు మామా కోడలు. ఆరు సాంచాల కార్ఖానల ఇప్పుడు తిరిగేటివి రెండే. ఆ రెండు తిరుగుతున్నయంటె అంగడి ఉన్నందుకే. అంగడి ఉన్నదంటె ఈ ఇరవై ఎనిమిదేండ్ల వ్యాన్ ఉన్నందుకే. బండి పోతె ఆ రెండు సాంచాలు కూడ కడమ నాలుగు పోయిన తొవ్వనే పోతయి, పాత ఇనుము కిందికి.

కొడుకు రంజిత్ సౌదీల, దమ్మాంల ఉంటడు. మొన్న ఫోన్‌ల గట్టిగనే అన్నడు. "బాపు, జమ్మికుంట అంగడికి లేస్తె సరే. లేవకుంటె చెన్నూరు నుంచి నా దోస్తు వస్తడు, తీస్కపోతడు. గా పాత సామానుతోని ఎన్ని దినాలు కొట్లాడుతవే?"

కైలాసం సరే అన్నడు. రంజిత్‌కు తెల్వనిది ఒకటున్నది.

సాంచాల మోతల నలభై ఏండ్లు నిలవడ్డ మనిషికి చెవులు మిగలయి. కుడి చెవి ఎప్పుడో పోయింది. అది అందరికీ ఎరుకే, ఎడమదిక్కు వచ్చి మాట్లాడుతరు. ఇప్పుడు ఎడమది కూడ పోతున్నది. ఇది ఎవరికీ చెప్పలే. మూతుల దిక్కు చూసి మాట పట్టుకుంటడు. సాంచాల నడుమ పని చేసెటోళ్ళందరూ అట్లనే మాట్లాడుకుంటరు కాబట్టి, ఆయన మూతి దిక్కు చూస్తె ఎవరికీ అనుమానం రాదు. అట్లనే నెట్టుకొచ్చిండు. నెల కింద సుల్తానాబాద్ దాటినంక ఎనుక నుంచి లారీ ఎంతసేపు హారన్ కొట్టిందో ఆయనకు తెల్వదు. అది గాలి లెక్క రాసుకుంట పోయి కుడిదిక్కు అద్దాన్ని ఊడగొట్టినంకనే తెలిసింది. "తాగి నడుపుతుండు" అన్నడు కైలాసం. పక్కన కూసున్న మమత దిగి, రోడ్డు మీద పడ్డ అద్దం చట్రం ఏరుకొచ్చి కాళ్ళ కాడ పెట్టుకున్నది.

బండి లేవకపోతె ఒక రకంగ మంచిదే అని రెండు దినాల సంది ఆయన మనసుల మెదుల్తున్నది. పాతదైంది, సామాను దొరకలే, అమ్మేసినం. ఎవరడిగినా అంతే చెప్పచ్చు. చెవుల సంగతి చెప్పే పనుండది.

పది గంటలకు పరశురాములు మోటర్ సైకిల్ మీద వచ్చిండు. చౌరస్తాల కార్ల షెడ్డు వానిది. వాని బాపు సాంచాల కాడ కైలాసంతోనే పని చేసిండు గని, వీడు ఎన్నడూ సాంచె ముట్టలే.

"ఏం కాక, ఇంజనును పెండ్లిపిల్ల లెక్క తయారు చేసిన్రు! ఇగ లేవకుంటె ఎట్ల?"

"చూడు జర" అన్నడు కైలాసం.

"చూసుడేముంది, పది నిమిషాల పని."

పరశురాములు గేరుపెట్టె మీదున్న రబ్బరు మూత పీకిండు. దాని సందుల నుంచి చూస్తె లోపలి చక్రం అంచు కనవడ్తది, అంచు మీద ఒక గీత. బండిని కొంచెం కొంచెం జరిపి, ఆ గీతను బయటి గుర్తుకు సరిగ్గ తెచ్చిండు. "గీతకు గీత కలిసింది కాక. మొదటి సిలిండర్ మీదికొచ్చినట్టే." రోటర్ మూతిని మొదటి వైరు దిక్కు తిప్పి, డిస్ట్రిబ్యూటర్‌ను దింపి, పానాతోని బోల్టు బిగించి, వైర్లు తొడిగిండు. నిజంగనే పది నిమిషాలైంది.

"కొట్టు తాళం."

కైలాసం తాళం తిప్పిండు. ఇంజను రెండు తిర్గులు తిరిగి, ఒక్కసారి ఢామ్మన్నది. సీటు కింది నుంచి నల్లటి పొగ ఎగజిమ్మింది. గోడ మీద కూసున్న కోడి రెక్కలు కొట్టుకుంట పక్కింట్లకు దుంకింది. ఆ పేలుడు కైలాసంకు చెవులకంటె పాదాలకు ఎక్కువ తెలిసింది.

"నీ చేతులకు జెట్టలు పుట్ట, ఇల్లు కాలవెడ్తవారా!" అని కమలవ్వ కండెలు ఇడిసిపెట్టి లేచింది.

"ఏం కాదు చిన్నమ్మ, వైర్లు అటిటైనయి." పరశురాములు వైర్లు మార్చిండు. మళ్ళ ఢామ్మన్నది. ఇంకో తీరు మార్చిండు. ఈసారి ఏ చప్పుడూ లేకుండ ఊరికె తిరిగింది. మూడు వైర్లను ఎన్ని తీర్ల మార్చచ్చునో అన్ని తీర్ల మార్చిండు. బ్యాటరీ బలం తగ్గబట్టింది, వాని మొఖంల నవ్వు తగ్గబట్టింది.

"గీతకు గీత కలిసింది కదా కాక. మరి గిదేం రోగం?" తువ్వాలతోని మెడ తుడుసుకున్నడు. "నేను చెప్పేదిను. ఇప్పటి బండ్లకు కంప్యూటరుంటది. దానికి వైరు పెట్టంగనే బండే చెప్తది, ఫలాన కాడ నొస్తున్నదని. గిది మూగ బండి. దీనితోని పరేషాన్ తప్ప ఏముండది. రంజిత్ చెప్పినట్టు చెన్నూరోనికి ఇచ్చేయి."

"ఆ మూగదాన్ని ఈ చెవిటాయనకు కట్టవెట్టిన్రు, ఇద్దరికిద్దరు సరిపోయిన్రు" అన్నది కమలవ్వ. కుడి చెవి సంగతే అన్నది ఆమె. అయినా కైలాసం చప్పున మొఖం తిప్పుకున్నడు.

పరశురాములు ఫోన్ మోగింది. మాపటికి వస్తనన్నడు. రాడని ముగ్గురికీ తెలుసు.

వాడు పోయినంక కైలాసం కార్ఖానలకు నడిచిండు. కరెంటు పోయినట్టున్నది, సాంచాలు రెండూ నిలవడి ఉన్నయి. మోత లేకున్నా మోత ఉన్నా ఇప్పుడు ఆయనకు పెద్ద తేడా లేదు. కాళ్ళ కింద నేల అదిరితె నడుస్తున్నయి, అదరకుంటె లేదు, అంతే. మూలకు ఒక పాత సాంచె ఉన్నది. దాని మీద పడుగు లేదు. సామాన్లకు అక్కరకొస్తదని ఇనుమోనికి ఇయ్యకుండ ఉంచిన్రు. దాని పక్కనున్న కట్టెపేట మీద కూలవడ్డడు. చేతులల్ల నూనె, నూనెల పసుపు. కండ్లు మూసుకోని ఎంతసేపున్నడో.

చెయ్యి ఊరుకోలే. సాంచె చక్రం మీద పడి మెల్లగ తిప్పబట్టింది. పై రాడు ఒక సుట్టు తిరిగింది. పోగును అదిమే పలక ముందుకొచ్చి గుద్దింది. కుడిదిక్కు కట్టె కదిలి నాడెను కొట్టింది, పోగును ఎంబడేసుకపోయే నాడె జారి ఎడమదిక్కు డబ్బల చేరింది. కైలాసం ఇంకో సుట్టు తిప్పిండు. పలక మళ్ళ అదే చోటికొచ్చి గుద్దింది. ఈసారి ఎడమ కట్టె కొట్టింది, నాడె కుడికొచ్చింది.

ఆయన చెయ్యి ఆగింది.

పై రాడు రెండు సుట్లు తిరిగితె కింది రాడు ఒక్క సుట్టు తిరుగుతది. పై రాడు చూస్తె రెండుసార్లూ ఒక్క తీరే కనవడ్తది. నాడె మాత్రం ఒకసారి ఎడమకుంటది, ఒకసారి కుడికుంటది. కొత్తగ పని నేర్చెటోళ్ళు అందరూ ఇక్కడనే పడ్తరు. పై రాడు గుర్తుకు కలిసిందని బిగిస్తరు. నాడె ఎడమ డబ్బల ఉంటది, కుడి కట్టె పోయి ఖాళీ డబ్బను కొడ్తది. పరశురాములు బాపుకు ఈ సంగతి చెప్పిందే కైలాసం. అప్పుడు ఇద్దరికీ మీసాలు సరిగ్గ రాలే.

"గీతకు గీత కలిసింది" అని పైకే అనుకున్నడు. "మరి నాడె ఎటుదిక్కున్నదో చూసిండా వాడు?"

సాంచె పట్టుకోని లేచిండు.

మమత గిన్నెల అన్నం పట్టుకోని ఎదురొచ్చింది. "మామ, తిని పని చేద్దువు. చల్లగయితున్నది."

"చల్లగ కానీ. బండిని నూకుతవా?"

"యాడికి?"

"యాడికి లేదు. జానెడు జానెడు. నేను ఆగుమంటె ఆగాలె."

ఆమె గిన్నె అరుగు మీద పెట్టి, చున్నీ నడుముకు చుట్టుకున్నది. కైలాసం డిస్ట్రిబ్యూటర్ ఊడదీసిండు. బండిని నాలుగో గేరుల వేసిండు, చక్రాలు జరిగితె ఇంజను కూడ తిరుగుతది. మొదటి సిలిండర్ ప్లగ్గు విప్పి, కార్ఖాన నేల మీద పడుండే నూలు చిత్తును ఉండ చుట్టి, ఆ రంధ్రంల వదులుగ పెట్టిండు. రెండు సుట్లల్ల పిస్టన్ రెండుసార్లు మీదికొస్తది, నిప్పు ఒక్కసారికే కావాలె. ఊరికె మీదికొస్తె ఉండ కదలదు. గాలిని అదుముకుంట మీదికొస్తె ఎగిరిపోతది. అదే నిప్పు వడ్డించాల్సిన గడియ.

"నూకు."

బండి జానెడు జరిగింది. సందుల గీత కనవడ్డది, గుర్తుకు కలిసింది. నూలు ఉండ కూసున్నచోటనే కూసున్నది.

"గిదే వాడు చూసింది" అన్నడు కైలాసం. "ఇంకో సుట్టు కావాలె. నూకు బిడ్డా."

మమత భుజం ఆనించి నూకింది. ఆమె కాళ్ళు దుమ్ముల జారినయి. గీత అటెనుక పోయింది. కొంతసేపటికి నూలు ఉండ దిగ్గున ఎగిరి కైలాసం ఛాతికి తాకి కింద పడ్డది. మమత బండి పక్కకొచ్చి కిలకిల నవ్వింది.

"దీపావళి పటాకు లెక్క టప్పుమన్నది కదా మామ!"

"ఆ" అన్నడు కైలాసం. ఆయనకు ఉండ ఎగిరిందే కనవడ్డది.

గీతను గుర్తుకు తెచ్చి ఆపిచ్చిండు. ఇక దింపుడు. దీంట్ల ఒక కిరికిరి ఉన్నది. లోపలి పండ్లు వంకర పండ్లు, డిస్ట్రిబ్యూటర్ దిగుతుంటె రోటర్ తనంతట తను తిరుగుతది. మొదటి వైరుకు ఎదురుగ పెట్టి దింపితె, దిగేవరకు అది దాటిపోతది. మొదటిసారి అట్లనే దాటింది. తీసి, వేలెడు ఎనుకకు పెట్టి దింపిండు. ఒక పన్ను తక్కువైంది. మళ్ళ తీసిండు. చెమట కండ్లల్ల పడ్తుంటె మోచేతితోని తుడుసుకున్నడు. మూడోసారి దింపినంక రోటర్ తిరిగి తిరిగి సరిగ్గ మొదటి వైరు ఎదుట నిలవడ్డది.

అటెనుక ఒక చిన్న బల్బు బుగ్గకు రెండు వైర్లు కట్టి, ఒకటి కాయిల్‌కు, ఇంకొకటి ఇంజను ఇనుముకు పెట్టిండు. లోపలి పాయింట్ విడివడ్డ గడియకు బుగ్గ వెలుగుతది, నిప్పు పుట్టేది కూడ అప్పుడే. గీతను గుర్తుకంటె జొన్నగింజంత ముందటికి పెట్టి, డిస్ట్రిబ్యూటర్ మెడ పట్టుకోని వెంట్రుక మందం వెంట్రుక మందం తిప్పిండు. బుగ్గ వెలిగింది. వెనుకకు తిప్పిండు, ఆరింది. మళ్ళ తిప్పిండు, వెలిగింది. అక్కడ బోల్టు బిగించిండు.

తాళం తిప్పితె, అరిగిన బ్యాటరీ మూలుగుకుంట రెండుసార్లు తిప్పింది. మూడోసారి ఇంజను అందుకున్నది.

కైలాసం అరచెయ్యి ఇంజను మూత మీద పెట్టిండు. మూడు దెబ్బలు, మూడు ఒక్క తీరు. ఏదీ ముందు కాదు, ఏదీ ఎనుక కాదు. మంచిగ నడిచే సాంచె మీద చెయ్యి పెడితె కూడ ఇట్లనే ఉంటది.

"లేచింది!" అని కమలవ్వ మూతి అన్నది. "ఎల్లమ్మ తల్లీ, నా బొట్లు ఊరికె పోలే!"

"బొట్లకే లేచింది" అన్నడు కైలాసం.

అన్నం తిన్నడు. తింటుంటె కూడ మనసు బండి మీదనే ఉన్నది. బుగ్గతోని పెట్టింది నిలవడ్డ బండికి సరిపోతది. మూటలు ఎత్తి, ఇద్దరు మనుషులతోని ఎత్తు గడ్డ ఎక్కేటప్పుడు సంగతి వేరే. నిప్పు వెంట్రుక మందం తొందరపడితె, డబ్బల గోళీలు పోసి ఊపినట్టు గలగలమంటది ఇంజను. అట్లనే నడిపితె పిస్టన్ కాల్తది, జమ్మికుంట తొవ్వల ఎక్కడనో నిలవడ్తది. పాత రోజులల్ల గడ్డ ఎక్కుకుంట తల పక్కకు వంచి ఇనేటోడు. ఒక్కసారి ఇంటె తెలిసిపోయేది.

చెయ్యి కడుక్కోని, "రా, కాలువ దాక పోయొద్దాం" అన్నడు మమతతోని.

పెద్ద కాలువ మీది వంతెన ఊరికి కోసు దూరం. రెండు దిక్కులా ఎత్తు గడ్డ. వరి కోతకొచ్చింది, తొవ్వ పక్కన కోత మిషన్లు నిలవడి ఉన్నయి. కైలాసం గడ్డ మొదట్ల వేగం తగ్గిచ్చి, మీది గేరులనే ఉంచి, కాలు నిండుగ తొక్కిండు. బండి బరువుగ ఎక్కబట్టింది. ఆయన తల పక్కకు వంచిండు. ఏమీ లేదు. దూది పెట్టినట్టు. తొడల కింద ఇంజను అదురుడు ఉన్నది గని, ఆ అదురుట్ల గోళీలున్నయో లేవో తొడలకు తెలుస్తలే.

పక్కకు చూసిండు. మమత ముందటికి చూస్తున్నది. ఆమె మూతి మూసే ఉన్నది. కనుబొమ్మలు మాత్రం కొంచెం దగ్గరికొచ్చినయి.

వంతెన మీద బండి ఆపిండు. కింద కాలువ నిండుగ, మెల్లగ పోతున్నది. మంచిగున్నది, పోదాం అంటె అయిపోతది. రేపు అంగడికి తనే నడుపుతడు. ఎల్లుండి కూడ నడుపుతడు. ఎనుక నుంచి ఇంకో లారీ వచ్చేదాక నడుపుతడు.

ఇన్నేండ్లు మోసిన మూట దింపాలంటె కూడ ఓపిక కావాలె.

"మమతా" అన్నడు, ముందటి అద్దం దిక్కే చూసుకుంట. "గడ్డ ఎక్కేటప్పుడు గలగలమని ఏమన్న ఇనవడ్డదా?"

జవాబు ఇనవడలే. తిరిగి ఆమె మూతి దిక్కు చూసిండు.

"ఇనవడ్డది మామ" అన్నది ఆమె, ఒక్కొక్క మాట విడమర్చి. "చానా ఇనవడ్డది. నీకు ఇనవడలేదా?"

"లే."

"కొంచెం సుత?"

"లే బిడ్డా. ఎడమది సుత పోయింది."

ఆమె ఆశ్చర్యపోలే. "నాకెరుకే" అన్నది. "లారీ నాడే ఎరుకైంది. గంత హారన్ కొడితె పీనుగ సుత లేస్తది, నువ్వు లేవలే."

"మరి రంజిత్‌కు ఎందుకు చెప్పలే?"

"చెప్తె బండి పోతది. బండి పోతె నేను బీడీలు చుట్టుకుంట కూసోవాలె. అద్దమెట్ల పగిలిందని అడిగిండు. కోతి పీకిందన్న."

"కోతా?"

"మనూర్ల కోతులు పీకనిది ఏమున్నది మామ? నమ్మిండు."

కైలాసం మొఖంల నవ్వు లాంటిదొకటి కదిలి పోయింది. దిగి, సీటు ఎత్తి, బోల్టు వదులు చేసి, డిస్ట్రిబ్యూటర్‌ను వెంట్రుక మందం ఎనుకకు తిప్పిండు. బోల్టు బిగించి సీటు దింపిండు. మమత దిక్కు వచ్చి నిలవడ్డడు.

"నువ్వు నడుపు" అన్నడు.

మమత లైసెన్సు తీసుకోని రెండేండ్లయింది. రంజిత్ పోయే ముందు పట్టువట్టి తీపిచ్చిండు. ఆనాటి నుంచి కైలాసం ఒక్కనాడు కూడ స్టీరింగ్ ఇయ్యలే. అంగడి తొవ్వల ఆడిపిల్లకు ఎందుకని అనేటోడు. ఆ మాట చాటున దాచింది చెవుల సంగతేనని ఇప్పుడు ఇద్దరికీ తెలిసింది. ఆమె దిగి, అటు నుంచి వచ్చి కూసున్నది. సీటు ముందటికి జరుపుకున్నది. బండిని వంతెన అవతల తిప్పి మళ్ళ గడ్డ మొదటికి తెచ్చింది. గేరు మారుస్తుంటె ఒక్కసారి గర్రుమన్నట్టుంది, ఆమె నాలుక కరుసుకున్నది. కైలాసం చూడనట్టు కూసున్నడు.

రెండోసారి ఎక్కినంక, "ఉన్నది. తక్కువైంది" అన్నది.

మళ్ళ దిగుడు, సీటు ఎత్తుడు, తిప్పుడు. మోకాళ్ళు ఇక మావల్ల కాదన్నయి. మూడోసారి ఎక్కేటప్పుడు కైలాసం రెండు అరచేతులు సీటు అంచుకు ఆనించి, కండ్లు మూసుకున్నడు. అదురుడు ఒక తీరుగ సాగింది, నడుమల ఎక్కడా ముడి లేదు. ఇది మంచిదని చేతులు అన్నయి. చేతుల మాట మీద ఇప్పుడు ఆయనకు పూర్తి నమ్మకం లేదు. కండ్లు తెరిచి ఆమె మూతి దిక్కు చూసిండు.

"లేదు మామ. సాఫుగున్నది. నిజంగ."

"ఒట్టు?"

"ఒట్టు."

దిగి, సీటు ఎత్తి, జేబులనుంచి ఇనుప మొల తీసిండు. డిస్ట్రిబ్యూటర్ మెడ మీద, దాని కింది ఇనుము మీద కలిసేటట్టు ఒకటే గీత గట్టిగ గీకిండు, తెల్లగ లోపలి లోహం కనవడేదాక. "మీ అత్త కిరసనాయిలు కాదు, ఆసిడ్ పోసినా ఇది పోదు" అన్నడు.

ఇంటిదాక మమతనే నడిపింది. ఎడమదిక్కు అద్దంల ఎనుక తొవ్వ కనవడ్తున్నది. ఒక ట్రాక్టరు, ఇద్దరు సైకిళ్ళోళ్ళు. "ఎనుక ట్రాక్టరొస్తున్నది" అన్నడు. "ఇనవడ్తున్నది మామ" అన్నది ఆమె. కొంతసేపటికి మళ్ళ అన్నడు, "సైకిళ్ళు." ఆమె ఈసారి తల ఊపింది.

వాకిట్ల కమలవ్వ ఫోన్ పట్టుకోని నిలవడి ఉన్నది. స్టీరింగ్ కాడ కోడల్ని చూసి చెయ్యి బుగ్గకు పెట్టుకున్నది.

"రంజిత్ చేసిండు. చెన్నూరోనికి ఏం చెప్పమంటవని అడుగుతుండు."

కైలాసం మెల్లగ దిగి అరుగు మీద కూసున్నడు. "రావద్దని చెప్పు. బండి లేచింది. ఇగ నుంచి మమత నడుపుతది."

"నువ్వెందుకు నడుపవు?"

"చెవులు పోయినయి. రెండూ."

ఆయన ఆమె మూతి దిక్కు చూసిండు.

"ముప్ఫై ఆరేండ్ల సంది నేను చెప్పిన మాట ఒక్కటి ఇనవడలే నీకు. గిప్పుడు కొత్తగ పోయినయా?" అన్నది. అని, ఫోన్ చెవి కాడ పెట్టుకోని లోపలికి పోయింది. చెంబుల నీళ్ళు తెచ్చి, ఆయనకు ఎదురుగ వచ్చి, మొఖం కనవడేటట్టు వంగి ఇచ్చింది.

మమత బండిని రేకుల కిందికి ఎనుకకు తీస్తున్నది. రేపటి మూటలు ఎక్కించాలె. కైలాసం నూనె చేతులను చూసుకుంట కూసున్నడు. లేవబుద్ధి కాలే. గోడ మీదికి మళ్ళ వచ్చి కూసున్న కోడి ఉన్నట్టుండి రెక్కలు కొట్టుకుంట ఎగిరింది.

హారన్ కొట్టినట్టున్నది అనుకున్నడు.